కంటికి కుట్టే వెండి చిప్ప

చూడ్డానికి అదేమంత గొప్పగా ఉండదు. చిన్న వెండి చిప్ప. కనుగుడ్డు గుండ్రదనానికి అతికేలా వంపు తిరిగి ఉంటుంది. మందం ఒక్క మిల్లీమీటరు. అడ్డం కొలిస్తే రకాన్ని బట్టి దాదాపు 12 నుంచి 25 మిల్లీమీటర్ల దాకా. అంచున దారం దూరడానికి బుల్లి చెవులుంటాయి. కొన్నిటికి ఒక పక్క అర్ధచంద్రాకారంలో కోత ఉంటుంది, కంటి నరం పక్కన ఆనించాల్సి వచ్చినప్పుడు నరానికి చోటు వదలడానికి. డాక్టర్లు దీన్ని ప్లాక్ అంటారు. కంట్లో గడ్డ పుట్టిన మనిషికి కన్ను తీసేయకుండా వైద్యం చేయడానికి ప్రపంచమంతటా వాడుతున్న పనిముట్లలో ఇదొకటి.

ఆ వెండి పొరల నడుమ రుథీనియం-106 పూత ఉంటుంది. అణు రియాక్టర్లో యురేనియం చీలినప్పుడు పుట్టే పదార్థాల్లో ఇదొకటి. విద్యుత్తు పుట్టించగా మిగిలిన ఇంధనంలోంచి వేరు చేసి తీస్తారు. రుథీనియం మెల్లగా రోడియంగా మారుతుంది. ఆ రోడియం అర నిమిషానికి సగం చొప్పున తరిగిపోతూ బలమైన బీటా కిరణాలు వదులుతుంది. గడ్డ మీద పనిచేసేవి ఆ కిరణాలే. కంటి వైపు వెండి పొర మందం మిల్లీమీటరులో పదో వంతు. వెనక వైపుది దానికి తొమ్మిది రెట్లు. ముందుకి వెళ్లాల్సిన కిరణం పల్చటి పొరను దాటి వెళ్లిపోతుంది, వెనక్కి రాబోయిన దాన్ని మందపాటి వెండి చాలామట్టుకు ఆపేస్తుంది. అంటే కనురెప్ప, కంటి గూడు, ఆపరేషన్ చేస్తున్న మనిషి వేళ్లు ఇవన్నీ వెండి చాటున ఉంటాయి.

ఈ వైద్యాన్ని అందరూ రేడియేషన్ ఖాతాలో వేస్తారు. మన వైపు రోగులైతే "కంటికి కరెంటు పెట్టారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ దగ్గరగా చూసిన కొద్దీ నాకు అనిపించేదేమిటంటే, కిరణం చేసే పని ఇందులో సగమే. ఆ చిప్పని ఎక్కడ ఆనించాలో కనిపెట్టి, కొలిచి, జారకుండా కుట్టి, లెక్క ప్రకారం గంటలు గడిచాక విప్పి తీసే చేతి పని మిగతా సగం. ఆ సగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ముందు గడ్డ ఎక్కడుంటుందో చూద్దాం. కనుగుడ్డు గోడ మూడు పొరలు. బయట తెల్లగుడ్డు, లోపల రెటీనా, రెంటికీ నడుమ రక్తనాళాలు కిక్కిరిసిన కోరాయిడ్. పెద్దవాళ్లలో కంటి లోపల పుట్టే మెలనోమా అనే క్యాన్సరు ఎక్కువగా ఈ నడిమి పొరలోనే మొదలవుతుంది. తెల్లజాతి వాళ్లతో పోలిస్తే మన దేశంలో ఇది అరుదు, కానీ లేకపోలేదు. పిల్లల్లో వచ్చే రెటీనోబ్లాస్టోమా వేరే జబ్బు. అది మన దేశంలో ఏటా దాదాపు 1,500 మంది పసివాళ్లకి వస్తుందని అంచనా. కీమో ఇచ్చాక కూడా ఒకచోట మొండికేసిన గడ్డ మిగిలితే వాళ్లకీ ప్లాక్ పెడతారు. బయటినుంచి రేడియేషన్ ఇస్తే, వాళ్లలో జన్యులోపంతో పుట్టిన పిల్లలకి పెద్దయ్యాక ఇంకో క్యాన్సరు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. చిప్ప ఆనిన చోటనే కిరణం ఆగిపోవడం వాళ్ల విషయంలో పెద్ద ఊరట.

ఇప్పుడు ఆపరేషన్ బల్ల దగ్గరికి వద్దాం. కంటి డాక్టర్లు ఒకరి పని ఒకరు చూసి నేర్చుకోవడానికి పెట్టుకునే ఆపరేషన్ వీడియోలు చాలానే ఉన్నాయి. ప్లాక్ కుట్టే వీడియో ఏది చూసినా మొదటి పది నిమిషాల్లో రేడియేషన్ ఊసే ఉండదు. నల్లగుడ్డు అంచు చుట్టూ తెల్లగుడ్డు మీది పల్చటి పొరను కత్తెరతో విడదీసి వెనక్కి తోస్తారు. కంటిని తిప్పే కండరాల కింద కొక్కెం దూర్చి, దారంతో పట్టుకుని, గుడ్డును కావలసిన వైపు వంచుతారు. గడ్డ వెనకనున్న చోట ఏదైనా కండరం అడ్డొస్తే దాన్ని మొదలంటా విప్పాల్సిందే. అయితే ఊరికే కోసేస్తే కండరం గూట్లోకి వెనక్కి లాక్కుపోతుంది. అందుకని ముందే రెండు కొనలా సూదులున్న కరిగే దారంతో కండరం అంచుని ముడేసి, ఆ తర్వాత కోస్తారు. తీసిన కండరాన్ని చివర్లో మళ్లీ అదే చోట, అదే కొలతలో కుట్టాలి. ఓ మిల్లీమీటరు అటూ ఇటూ అయితే రోగికి ఒక మనిషి ఇద్దరుగా కనిపించవచ్చు.

ఆ తర్వాతి ఘట్టం నాకు అన్నిటికంటే ఇష్టం. ఆపరేషన్ గదిలో లైట్లు ఆర్పేస్తారు. గడ్డకి ఎదురుగా, కంటి ముందు వైపు నుంచి సన్నని ఫైబర్ దీపం ఆనిస్తారు. కనుగుడ్డు మొత్తం లోపల్నుంచి ఎర్రగా వెలుగుతుంది. నల్లరంగు నిండిన గడ్డ ఆ వెలుగుని అడ్డుకుంటుంది కాబట్టి తెల్లగుడ్డు గోడ మీద దాని నీడ పడుతుంది. సర్జన్ ఆ నీడ అంచు వెంట చుక్కలు పెట్టుకుంటూ పోతాడు. లోపల ఉన్నదాన్ని కోయకుండా, తాకకుండా, దాని పటం బయట గోడ మీద గీయడమన్న మాట.

చెప్పినంత తేలికేం కాదది. దీపం ఏటవాలుగా పడితే నీడ సాగుతుంది, గడ్డ ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. నీడను నమ్మి గీత గీస్తే చిప్ప పక్కకి జరుగుతుంది. గడ్డలో రంగు లేకపోతే నీడే పడదు. అప్పుడు తలకి తగిలించుకున్న పరికరంతో కనుపాపలోంచి లోపలికి చూస్తూ, బయటనుంచి తెల్లగుడ్డుని మొనతో సుతారంగా నొక్కి, లోపల ఉబ్బు ఎక్కడ లేస్తుందో చూసి చుక్క పెట్టాలి. అల్ట్రాసౌండ్ చేతిలో ఉన్నవాళ్లు దానితో మరోసారి సరిచూసుకుంటారు. అనుభవమున్నవాళ్లు ఒక్క పద్ధతిని నమ్ముకోరు. నీడ ఒకటి చెప్పి, అల్ట్రాసౌండ్ ఇంకోటి చెబితే మళ్లీ మొదటికి వస్తారు.

పటం గీశాక గడ్డ చుట్టూ ఇంకో రెండు మిల్లీమీటర్ల ఎడం వదులుతారు. గడ్డ అడుగు 10 మిల్లీమీటర్లుంటే 14కి తగ్గని చిప్ప కావాలి. ఇక్కడ అసలు చిప్ప ఇంకా గదిలోకి రాలేదు. దాని బదులు, అదే కొలతలో రేడియేషన్ లేని నకలు వస్తుంది. డమ్మీ అంటారు. చుక్కల మీద సరిగ్గా కూర్చుందో లేదో కనపడాలని కొన్ని డమ్మీలను పారదర్శకంగా చేస్తారు. దీన్ని ఆనించి, చెవులు ఎక్కడికి వస్తాయో అక్కడ తెల్లగుడ్డులో కుట్లు ముందే వేసి, విప్పడానికి వీలైన జారుముడి పెట్టి చూసుకుంటారు. తృప్తి కలిగేదాకా డమ్మీతో ఎంతసేపైనా కుస్తీ పట్టవచ్చు, ఎవరికీ హాని లేదు. అన్నీ కుదిరాక జారుముడి లాగి డమ్మీని తీసేస్తారు. దారాలు అలాగే ఉంటాయి. అప్పుడు పెట్టె తెరిచి అసలు చిప్ప తీస్తారు. సిద్ధంగా ఉన్న దారాలను చెవుల్లోంచి లాగి ముళ్లు బిగించడానికి కొద్ది నిమిషాలు చాలు.

తెల్లగుడ్డుని మనం గట్టి పొర అనుకుంటాం. కంటి వెనక భాగంలో మిల్లీమీటరు మందం దాకా ఉంటుంది గానీ, కండరాలు అతుక్కునే చోటికి కాస్త వెనకగా దాని మందం మిల్లీమీటరులో పదింట మూడు వంతులే. కుట్టు పడాల్సింది ఎక్కువగా ఆ చుట్టుపక్కలే. సూది అందులో సగం లోతు దిగాలి. అంతకంటే లోతు దిగితే లోపలి పొరకి చిల్లు పడుతుంది, నెత్తురు కారుతుంది. గడ్డ దగ్గర చిల్లు పడితే క్యాన్సరు కణాలు బయటికి వస్తాయేమోనన్న భయం అదనం. పైపైన పోనిస్తే దారం తెగి వచ్చేస్తుంది, చిప్ప ఒక పక్కకి లేస్తుంది. అందుకే ఇక్కడ వాడే సూది మొన బల్లపరుపుగా ఉంటుంది, పొరను చీల్చుకుంటూ లోతుకి పోకుండా పొరల మధ్య పక్కకి జారేలా. సూది కదులుతుంటే అది పొరలోంచి లీలగా కనిపిస్తూనే ఉండాలి. కనిపించడం మానేసిందంటే లోతు ఎక్కువైనట్టు. ఇది ఏ యంత్రమూ చెప్పదు, కన్నూ చెయ్యీ కలిసి తెలుసుకోవాల్సిందే.

చిప్ప ఒక అంచు మిల్లీమీటరు లేస్తే ఏమవుతుంది? బీటా కిరణాలకి దూరం గిట్టదు. ఐదారు మిల్లీమీటర్లు కణజాలంలో ప్రయాణించేసరికి వాటి బలం బాగా సన్నగిల్లిపోతుంది. కంటి అవతలి గోడని, కటకాన్ని కాపాడేది ఆ గుణమే. కానీ చిప్ప కాస్త ఎడంగా కూర్చున్నప్పుడు గడ్డ కొనకి అందాల్సినది అందకుండా చేసేదీ అదే గుణం. ఒకప్పుడు చిప్పల్లో కోబాల్టు వాడిన రోజుల్లో గామా కిరణాలు కొట్టినచోటల్లా కొట్టేవి కాబట్టి కుట్టులో చిన్న తేడా వచ్చినా గడ్డకి తగలడం మాత్రం తగిలేది. దానికి మూల్యం మిగతా కన్నంతా చెల్లించేది. కిరణం ఎంత మర్యాదగా ఉంటే చేతి పని అంత కచ్చితంగా ఉండాలి.

కోబాల్టు మాట వచ్చింది కాబట్టి దాని మనిషి గురించీ చెప్పుకోవాలి. 1930 ప్రాంతంలో లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో ఫోస్టర్ మూర్ అనే డాక్టరు కంటి లోపలి గడ్డలోకి రేడాన్ గింజను గుచ్చి చూశాడు. ఆ ఆసుపత్రి సర్జనే హైలా స్టాలర్డ్, లోపలికి గుచ్చడం మాని బయట గోడకి కోబాల్టు చిప్పలు కుట్టే పద్ధతిని దశాబ్దాలపాటు సానబెట్టాడు. ఈ స్టాలర్డ్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచినవాడు. ఆ ఒలింపిక్స్ మీద వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాలో ఆయన పాత్ర కూడా ఉంది. సినిమా చూసిన లక్షల మందిలో ఆయన తర్వాత కళ్లకి ఏం చేశాడో తెలిసినవాళ్లు ఎందరుంటారో! రుథీనియం మాత్రం 1960ల నడుమ తూర్పు బెర్లిన్‌లో పీటర్ లొమ్మాట్ష్ చేతుల్లో మొదలైంది. అమెరికాలో అయోడిన్-125 గింజలు బంగారు చిప్పలో అమర్చే పద్ధతి 1970ల్లో వచ్చింది. అయోడిన్ కిరణాలు రుథీనియం కంటే లోతుకి పోతాయి, కాబట్టి ఎత్తయిన గడ్డలకి అది పనికొస్తుంది.

ఇంత కష్టపడి కన్ను నిలబెడితే ప్రాణానికి ముప్పు పెరగదా అన్న అనుమానం చాలాకాలం డాక్టర్లనే పీడించింది. కన్ను తీసేస్తే జబ్బు మూలం పోతుంది కదా అన్నది పాత వాదం. దాన్ని తేల్చడానికి అమెరికా, కెనడాల్లో పెద్ద పరిశీలన చేశారు. మధ్యరకం మెలనోమా ఉన్న 1,317 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి ఒక గుంపుకి కన్ను తీశారు, ఇంకో గుంపుకి అయోడిన్ చిప్ప కుట్టారు. ఐదేళ్లకి బతికి ఉన్నవాళ్లు కన్ను తీసినవాళ్లలో 81 శాతం, చిప్ప కుట్టినవాళ్లలో 82 శాతం. 2001లో ఈ లెక్క బయటికొచ్చాక వాదం ముగిసింది. అదే బృందం ఇంకో ప్రశ్న కూడా వేసుకుంది. గడ్డ మరీ పెద్దదై కన్ను తీయక తప్పనప్పుడు, తీసేముందు బయటినుంచి రేడియేషన్ ఇస్తే మేలు జరుగుతుందా? 1,003 మంది మీద చూశారు. ఏ లాభమూ కనపడలేదు. కత్తికి రేడియేషన్ తోడైతే ఎప్పుడూ మంచిదే అనుకోవడం తప్పని ఆ రెండో లెక్క చెబుతుంది. మొదటి లెక్కంత పేరు దానికి రాలేదు గానీ, నాకు రెండూ సమానంగా విలువైనవే.

చూపు సంగతి దాచకుండా చెప్పాలి. చిప్ప కుట్టినవాళ్లలో మూడేళ్లకి 43 శాతం మందికి ఆ కంట్లో చూపు 20/200కి, లేదా అంతకంటే కిందికి పడిపోయింది. అంటే పరీక్ష బోర్డు మీద పైనున్న పెద్ద అక్షరం మాత్రం కనపడే స్థాయి. కన్ను మిగులుతుంది, ప్రాణానికి తేడా రాదు, చూపు మాత్రం గడ్డ ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. రెటీనా నడిబొడ్డుకో కంటి నరానికో ఆనుకుని ఉంటే కిరణం వాటినీ వదలదు. నెలలు, ఏళ్లు గడిచాక రక్తనాళాలు పాడై నీరు ఊరుతుంది. దానికి కంట్లో ఇంజెక్షన్లు ఇస్తూ చూపు కాపాడుకునే ప్రయత్నం నడుస్తూనే ఉంటుంది.

చిప్ప ఎంతసేపు ఉండాలన్నది రేడియేషన్ మోతాదు చూసే ఫిజిసిస్టు లెక్క. ఆ మోతాదుని గ్రేలలో కొలుస్తారు. గడ్డ కొన దగ్గర గంటకి ఒక గ్రే చొప్పున కిరణం అందుతుందనుకోండి, వంద గ్రేలు కావాలంటే వంద గంటలు, అంటే నాలుగు రోజుల పైచిలుకు. రుథీనియం అర్ధాయువు దాదాపు 372 రోజులు. అదే చిప్ప ఏడాది దాటాక సగం బలంతో ఉంటుంది. అదే గడ్డకి అప్పుడు రెండు వందల గంటలు కావాలి. కొన దగ్గర వంద పడేసరికి అడుగున తెల్లగుడ్డుకి దానికి అనేక రెట్లు పడి ఉంటుంది. అదృష్టవశాత్తూ తెల్లగుడ్డు ఓర్చుకునే రకం. గంటలు పూర్తయ్యాక రోగిని మళ్లీ బల్ల మీదికి తెచ్చి, దారాలు కోసి, చిప్ప తీసి, విప్పిన కండరాన్ని తిరిగి కుడతారు. రుథీనియం చిప్పని శుభ్రం చేసి ఇంకొకరికి వాడతారు. ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. పల్చటి వైపు వెండి మీద గీత పడితే లోపలి పదార్థం బయటికి రావచ్చు. అందుకే పదునైన పనిముట్టు ఏదీ లోపలి వైపు తాకకూడదు, వేళ్లతో అసలే పట్టుకోకూడదు. తుడిచి చూసి కారడం లేదని రుజువు చేసుకోవాలి. దాచే పెట్టెలో బీటా కిరణాలకి ఎదురుగా ముందు ప్లాస్టిక్ ఉండాలి. నేరుగా సీసం పెడితే దాన్ని తాకిన బీటా కిరణాలు ఎక్స్-రేలు పుట్టిస్తాయి. ఏ లోహమైనా మంచిదే అనుకునేవాళ్లకి ఇది వింతగా తోస్తుంది.

ఇదంతా జర్మనీ నుంచి తెప్పించుకునే సరుకుగా ఉన్నన్నాళ్లూ మన ఆసుపత్రులకి ఖర్చు భారమే. ఏడాదికోసారి బలం సగమయ్యే వస్తువుని విదేశాల నుంచి కొనడమంటే మాటలా? ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం ముందుగా అయోడిన్-125 గింజలు తయారుచేసింది. 4.75 మిల్లీమీటర్ల పొడవు, 0.8 మిల్లీమీటర్ల లావున్న టైటానియం గొట్టంలో మూసిన ఆ గింజల్ని చెన్నై శంకర నేత్రాలయలో కంటి గడ్డలకి వాడారు. ఆ తర్వాత రుథీనియం చిప్పనూ అదే కేంద్రం తయారుచేసింది. 2020 సెప్టెంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంటి కేంద్రంలో కోరాయిడ్‌లో రక్తనాళాల గడ్డ ఉన్న రోగికి మొదటిసారి అమర్చారు. వెండి బిళ్ల మీద విద్యుత్తుతో రుథీనియం పూత ఎక్కించి, పైన వెండి మూత పెట్టి, అంచుల్ని లేజరుతో అతికించడం ఎంత నాజూకైన పనో, కంటికి కుట్టడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆ పూత ఎక్కించిన మనుషుల పేర్లు పేపర్లలో రావు.

ఇక ఇలాంటి వైద్యానికి రోగి వెళ్లాల్సిన ఊరి సంగతి. రాయలసీమ వాళ్లకి పెద్ద వైద్యం అంటే హైదరాబాదు కంటే ముందు గుర్తొచ్చే ఊరు బెంగళూరు. హిందూపురం, కదిరి, మదనపల్లె నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఓపీ చీటీ చేతికొస్తుంది. కంటి వైద్యంలో ఈ ఊరికి పాత పేరుంది. మింటో కంటి ఆసుపత్రి పుట్టింది 1896లో. కిద్వాయి క్యాన్సర్ సంస్థ 1973లో వచ్చింది. డాక్టర్ భుజంగ శెట్టి 1982లో మొదలుపెట్టిన నారాయణ నేత్రాలయ రెటీనోబ్లాస్టోమా పిల్లలకి పెద్ద ఆసరా. కుందలహళ్లి గేటు దగ్గర శంకర కంటి ఆసుపత్రి ఉంది. కోయంబత్తూరులో రమణి దంపతులు 1977లో వేసిన మొక్కకి కొమ్మ అది. మన గుంటూరు పక్కన పెదకాకానిలోనూ దాని కొమ్మ ఒకటుంది. చెన్నై శంకర నేత్రాలయకీ దీనికీ సంబంధం లేదు, పేరు కలవడం వల్ల మనవాళ్లు ఎప్పుడూ తికమకపడుతుంటారు. అయితే మనుషుల దారులు కలుస్తాయి. బెంగళూరు శంకరలో రెటీనా, కంటి క్యాన్సరు విభాగానికి పెద్దగా పేరు తెచ్చుకున్న డాక్టర్ మహేశ్ షణ్ముగం అంతకుముందు చెన్నై నేత్రాలయలో పనిచేసినవారే.

ఇలాంటి ఊళ్లో కూడా ఈ వైద్యానికి అసలు చిక్కు ఒకటుంది. కంటి సూక్ష్మదర్శిని, రెటీనా సర్జన్ ఉండేది కంటి ఆసుపత్రిలో. రేడియేషన్ డాక్టరు, ఫిజిసిస్టు ఉండేది క్యాన్సరు ఆసుపత్రిలో. చిప్ప దగ్గర పెట్టుకోవాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, దానికి బాధ్యుడైన అధికారి, తాళమున్న గది, రాసిపెట్టిన లెక్క అన్నీ కావాలి. సర్జన్ కొలిచిన ఎత్తు ఫిజిసిస్టుకి అందాలి, ఫిజిసిస్టు చెప్పిన గంట ప్రకారం ఆపరేషన్ గది ఖాళీగా ఉండాలి, అది ఆదివారం తెల్లవారుజామైనా సరే. మన ఆసుపత్రుల్లో రెండు విభాగాలు ఒక గడియారం ప్రకారం నడవడం ఎంత అరుదో తెలిసినవాళ్లకి, చిప్ప సరైన గంటకి బయటికొచ్చిందంటే అదే ఒక విశేషం.

కంటి లోపలి గడ్డల సంగతి ఇంతవరకూ. కంటి పైన కూడా గడ్డలు పుడతాయి. ఎండలో బతికే మన రైతులకి, కూలీలకి ఈ రెండో రకమే ఎక్కువ పరిచయం. నల్లగుడ్డు పక్కన తెల్లగానో గులాబీ రంగులోనో లేచే చిన్న పెరుగుదల క్యాన్సరు కావచ్చు. చూడ్డానికి నల్లగుడ్డు మీదికి పాకే మామూలు కండలాగే ఉంటుంది, అందుకే చాలాసార్లు ముందు దాన్ని కండ అనుకుని కోసేస్తారు. అది పెద్ద పొరపాటు. ఈ క్యాన్సరుని తీసే పద్ధతిలో మొదటి నియమం గడ్డను తాకకపోవడం. చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల ఆరోగ్యకరమైన పొరతో సహా, గడ్డను ఎక్కడా పట్టకుండా, తడి లేకుండా ఎత్తి తీస్తారు. నల్లగుడ్డు మీదికి పాకిన భాగానికి ఆల్కహాలు అద్ది పైపొరను చుట్టగా ఒలుస్తారు. మిగిలిన అంచుల్ని అతిశీతలంతో రెండుసార్లు గడ్డకట్టించి కరగనిస్తారు. ఆ తర్వాత పనిముట్లన్నీ మార్చి, కొత్తవాటితో ఖాళీచోటు కప్పుతారు.

కణజాలం పరీక్షలో గడ్డ తెల్లగుడ్డులోకి దిగిందని తేలితే? అప్పుడు ఇంకా లోతుగా కోస్తూ పోతే కంటి గోడకే చిల్లు. అక్కడ చిప్ప మళ్లీ వస్తుంది. గాయం మానాక, గడ్డ ఉన్న చోటనే ఆనించి, మిగిలిపోయిన కణాలకి కిరణం అందిస్తారు. కత్తి ఆగాల్సిన చోట కిరణం అందుకోవడమన్న మాటకి ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు తెలియదు. ఫిలడెల్ఫియా విల్స్ కంటి ఆసుపత్రి బృందం ఇలాంటి 15 కళ్ల అనుభవాన్ని 2014లో ప్రచురించింది. అందులో ఒకరైన స్వాతి కలికి ఆ తర్వాత హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థలో కంటి క్యాన్సరు విభాగాన్ని నడిపిస్తున్నారు. అదే సంస్థలో అంతకుముందు ఆ విభాగాన్ని నిలబెట్టిన సంతోష్ హొనావర్ కూడా విల్స్‌లో నేర్చుకున్నవారే.

ఇదే బీటా కిరణం మామూలు కండ విషయంలో చేసిన కీడు కూడా చెప్పకపోతే మెచ్చుకోలు ఏకపక్షమవుతుంది. ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి పాకే ఆ కండ క్యాన్సరు కాదు. కోసి తీశాక మళ్లీ పెరగడం దానికి అలవాటు. పెరగకుండా ఉండేందుకు ఒకప్పుడు స్ట్రాన్షియం-90 తాపిన చిన్న పరికరాన్ని కోసిన చోట కొద్దిసేపు చేత్తో పట్టి ఆనించేవారు. కుట్టడం లేదు, కొలవడం లేదు. కండ చాలామందికి తిరిగి రాలేదు నిజమే. కానీ కొందరికి ఏళ్లు గడిచాక అక్కడి తెల్లగుడ్డు పల్చబడి కరిగిపోయింది, దానికి చీము పట్టింది. ఇప్పుడు చాలాచోట్ల రోగి కంట్లోంచే, పై రెప్ప కింది పల్చటి పొర ముక్క తీసి ఖాళీచోట జిగురుతోనో కుట్టుతోనో అతికిస్తున్నారు. 1985లో కెన్యన్ బృందం ప్రచురించాక ఈ పద్ధతి పాకింది. కండ తిరిగి రావడం బాగా తగ్గింది, రేడియేషన్ అవసరం చాలావరకు పోయింది. ప్రాణం తీసే గడ్డకి వంద గ్రేలు సబబే. ప్రాణహాని లేని కండకి చిన్న మోతాదు కూడా ఎక్కువే కావచ్చు.

ఇంకా ఖరీదైన ప్రోటాన్ యంత్రాలు వచ్చాయి, చెన్నైలో 2019 నుంచి ఒకటి పనిచేస్తోంది. కంటి గడ్డకి ప్రోటాన్ వైద్యం 1975లో అమెరికాలో మొదలైనప్పటి నుంచీ ప్రధానంగా సాగిన పద్ధతిలో, సర్జన్ ముందు కంటి గోడకి గడ్డ అంచున టాంటలం బిళ్లలు కుడతాడు. యంత్రానికి దారి చూపేవి ఆ బిళ్లలే. కోట్ల యంత్రం ముందు కూడా సూదీ దారమే నడుస్తాయి.

చిప్ప తీసిన రోజున గడ్డ మాయమవదు. రోగులు ఇది విని కంగారుపడతారు. అది నెలల తరబడి మెల్లగా కుంగి, చివరికి మచ్చగా మిగులుతుంది. పెద్ద గడ్డ చచ్చాక లోపలే కుళ్లి నీరూరుతూ రెటీనాని లేపేస్తుంటే, కొందరు సర్జన్లు కంట్లోకి సన్నని గొట్టాలు దించి చచ్చిన గడ్డను లోపలినుంచే తురిమి తీస్తారు. ముందు కిరణం, తర్వాత కత్తి. దీనిమీద డాక్టర్లలో ఇంకా వాదనలున్నాయి. నాకు మాత్రం కిరణంతో చంపాకే కదిలించాలన్న వరస సబబుగా తోస్తుంది.

ఇంత పనితనానికీ హద్దు పెట్టేది ఒక్క కొలత. అల్ట్రాసౌండ్‌లో గడ్డ ఎత్తు నాలుగు మిల్లీమీటర్లుంటే రుథీనియం చిప్ప చాలు. ఆరు దాటితే దాని చెయ్యి అందదు. అయోడిన్ గింజలు వెతుక్కోవాలి, లేదా ప్రోటాన్. ఇంకా ఎత్తయి, కంటి నరాన్ని చుట్టేస్తే ఎంత నైపుణ్యమున్న సర్జనైనా కన్ను తీయడం గురించే మాట్లాడతాడు. రెటీనా కింది గడ్డ మొదట్లో నొప్పి పెట్టదు, అంచున ఉంటే చూపూ తగ్గదు. అందుకే చాలావరకు షుగరు పరీక్షకో కళ్లద్దాలకో వచ్చినప్పుడు, కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపల దాకా చూసిన డాక్టరుకే అది బయటపడుతుంది. మదనపల్లెలోనో కదిరిలోనో ఆ చుక్కలు వేసిన మనిషి నాలుగు మిల్లీమీటర్లప్పుడు పట్టుకుంటే, బెంగళూరు సర్జన్ చేతిలో ఇంకా పని మిగిలి ఉంటుంది.